పున్నమి నాటి ఆట: పోర్ట్ బ్లెయిర్‌లో ఆగిపోయిన లీగ్ కోసం ఒక ప్రయాణం

భీమిలి బీచ్‌లో కుర్రాళ్ల ఫుట్‌బాల్ గురించి ఈ బ్లాగులో ఎప్పుడో రాసిన పోస్టు కింద డిసెంబరులో ఒక కామెంటు పడింది. మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం ఇంగ్లిషువి. "అక్కా, మాది పోర్ట్ బ్లెయిర్. మా నాన్న ఇక్కడ ఫుట్‌బాల్ లీగ్ నడిపేవాడు. ఆగిపోయింది. వచ్చే నెల పున్నమికి మళ్లీ ఒక మ్యాచ్ పెడుతున్నాడు. ఇదే లాస్ట్ ట్రై. చూడ్డానికి రండి" అని రాసిన అమ్మాయి పేరు దివ్య. నేను తగరపువలస దగ్గర ఒక బడిలో వ్యాయామం నేర్పిస్తాను. ఎక్కడ బంతి తంతున్నారని తెలిస్తే అక్కడికి సంచి సర్దుకుని పోయే అలవాటు ఉంది. మా ఆయన దాన్ని జబ్బంటారు. "అండమాన్‌కి జనం సముద్రం చూడ్డానికి వెళ్తారు, జైలు చూడ్డానికి వెళ్తారు. పనిదినం పూట జాలర్ల ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్లేదానివి నువ్వొక్కదానివే" అన్నారు. అప్పటిదాకా ఉన్న కాస్త తటపటాయింపు ఆ మాటతో పోయింది. ఆ సాయంత్రమే టికెట్ తీసేశాను.

విశాఖ నుంచి చెన్నై మీదుగా విమానానికి రానూపోనూ పదిహేను వేల దాకా అయింది. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది గానీ అది ఎప్పుడు బయల్దేరుతుందో ముందుగా చెప్పలేరు, ఎక్కాక రెండు రోజులు దాటుతుంది. బడికి సెలవులు కూడబెట్టుకున్నవాళ్లకు కుదిరే పని కాదు. విమానాశ్రయం పక్కనే ఉన్న లంబాలైన్‌లో గది తీసుకున్నాను, రోజుకు పదిహేను వందలు. సామాను తేలికగా ఉంటే నడిచి వెళ్లిపోవచ్చు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇక్కడ తెల్లవారుజామున ఐదు దాటగానే వెలుతురు వచ్చేస్తుంది, సాయంత్రం ఐదుంపావుకల్లా పొద్దు గుంకుతుంది. మన ఊళ్లోలా పదింటికి లేచి తయారైతే సగం రోజు చేజారినట్టే.

మ్యాచ్ మధ్యాహ్నం రెండున్నరకు. పొద్దున ఖాళీగా ఉండలేక, ఒకప్పుడు లీగ్‌లో పేరున్న సిప్పీఘాట్ జట్టు మైదానం చూద్దామని ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ, అక్కడ కాసేపు ఆగడానికి కలిపి ఆరు వందలు. బస్సు అయితే ఇందులో చాలా కొద్దితో పని అయిపోతుంది, కానీ దిగాక ఎటు నడవాలో నాకు తెలియదు. డ్రైవర్ తాతది సోంపేట వైపట. ఆ యాస ఇంకా పోలేదు.

"సిప్పీఘాట్‌లో ఫార్మ్ సూస్తారా మేడమ్? మిరియాలు, లవంగాలు, సబ్ కుఛ్ ఉంటాది."

"ఫార్మ్ తర్వాత. అక్కడి పాత ఫుట్‌బాల్ గ్రౌండ్ చూడాలి."

అతను అద్దంలోంచి నన్నొకసారి చూసి బండి పోనిచ్చాడు. రోడ్డు పక్కన నీళ్లు కనబడుతున్న చోట ఆపి చెయ్యి చాపాడు. బురద, ఉప్పునీళ్లు, మధ్యలో ఎండిపోయిన చెట్ల మొదళ్లు. "అదే మేడమ్ గ్రౌండ్. సునామీకి నేల కుంగిపోనాది. అప్పట్నుంచి పోటు వచ్చినప్పుడల్లా నీల్లే." తన బావ ఈ గ్రౌండ్‌లోనే ఆడేవాడని చెప్పాడు. ఈ రోజు మధ్యాహ్నం మ్యాచ్ ఉందంటే నవ్వాడు. "నూకరాజు మావ పెట్టిందే కదా? రెండు పున్నమల్నుంచి పెడతన్నాడు. మొదటిసారి అటు జట్టు రాలేదు, రెండోసారి ఇటు జట్టే పూరా అవలేదు. ఇప్పుడు ఆడీవోళ్లెవరు దీదీ, అందరూ మొబైల్ మే హై." ఆ నవ్వు నాకు నచ్చలేదు. తిరుగు ప్రయాణంలో అతనితో పెద్దగా మాట్లాడలేదు.

పదకొండున్నరకు జాలర్ల రేవు దగ్గర దిగాను. దివ్య అక్కడే నిలబడి ఉంది. ఒక మొబైల్ దుకాణంలో పని చేస్తుందట, ఈ మ్యాచ్ కోసమే సెలవు పెట్టింది. మత్స్యకారుల కాలనీ రేవుకు కాస్త పైన. వాళ్ల ఇంట్లో అన్నం, చూర చేప పులుసు పెట్టారు. డబ్బు ఇవ్వబోతే వాళ్ల అమ్మ నా చేతిని పక్కకు నెట్టేసింది. దివ్య నాన్న నూకరాజు యాభై దాటిన మనిషి, వయసులో ఉన్నప్పుడు గోల్‌కీపర్. వలలు బాగుచేస్తూనే మాట్లాడతాడు. లీగ్ ఎలా మొదలైందని అడిగితే వల పక్కన పెట్టాడు.

"వెన్నెల్లో వల ఏస్తే సేప సూసీసి పారిపోద్ది టీచరమ్మా. పున్నమి అటూ ఇటూ బోట్లన్నీ గట్టు మీదే. మరేటి సేస్తాం? తాగుతాం, లేపోతే తగువులాడతాం. మా పెద్దోళ్లు చెప్పినారు, తగువేదో బంతితో ఆడండని. అలగ మొదలైంది. రాంచీనుంచి కూలికొచ్చి ఉండిపోయినోళ్లు, బెంగాలీలు, తమిళోళ్లు, సిప్పీఘాట్‌వోళ్లు, అందరూ పున్నమికే వచ్చీవోరు. పక్క దీవినుంచి బోటు కట్టించుకుని వచ్చీవోరు, మత్లబ్, ఆడ్డానికి కాదు, సూడ్డానికి."

"మరి ఎందుకు ఆగిపోయింది?"

ఎక్కువమంది సునామీ అని చెబుతారట. నూకరాజు ఒప్పుకోడు. సునామీ తర్వాత కూడా నాలుగేళ్లు ఆడారు, సొంత మైదానం పోయిన సిప్పీఘాట్ వాళ్లు కాలనీ మైదానానికే వచ్చి ఆడారు. తర్వాత ఆఫీసు ఉద్యోగుల జట్లు రెండు చేరాయి. వాళ్ల కోసం ఆటలను ఆదివారాలకు మార్చారు. ఆదివారం నాడు చీకటి పక్షం పడితే జాలర్లు వేటలో ఉంటారు, జట్టు రాదు. రాని జట్టు ఓడినట్టే అంటే బాధపడతారని మళ్లీ ఆడిద్దామన్నారు. ఫైనల్లో గొడవైతే ఇద్దరికీ కప్పు ఇచ్చారు. ఆఖరికి పాల్గొన్న ప్రతి జట్టుకూ ఒక కప్పు. "ఎవులూ ఓడిపోకుండా సేసినారు. అందరూ రావడం మానీసినారు" అన్నాడు నూకరాజు, మళ్లీ వల అందుకుంటూ.

ఈ రోజు ఆట మీద ఏం ఆధారపడి ఉందో దివ్య చెప్పింది. మైదానంలోని గోల్ పోస్టులు నూకరాజు తరం వాళ్లు సొంతంగా నిలబెట్టిన ఇనుప పైపులు. వలలు ఆరబెట్టుకునే షెడ్డుకు పైపులు కావాలని కాలనీ సంఘం అడుగుతోంది. ఆటే లేనప్పుడు పోస్టులెందుకన్నది వాళ్ల వాదన. ఈ పున్నమికి పూర్తి ఆట ఆడించి చూపిస్తాననీ, లేకపోతే పైపులు కోసుకోవచ్చనీ నూకరాజు సంఘం పెద్ద ఎర్రయ్యకు నలుగురి ముందు మాటిచ్చాడు. "అవి పోతే మా నాన్న ఇంక గ్రౌండ్ వైపు కూడా వెళ్లడు దీదీ" అంది దివ్య.

రెండుకల్లా మైదానానికి వెళ్లాం. కాలనీ జట్టులో తొమ్మిది మందే పోగయ్యారు. రెండుంపావు దాటినా అవతలి జట్టు జాడ లేదు. నూకరాజు రోడ్డు వైపు చూడకూడదని తనకు తాను ఒట్టు పెట్టుకున్నట్టు బంతికి గాలి కొడుతూనే ఉన్నాడు. రెండున్నర అవుతుండగా ఒక జీపు వచ్చింది. సిప్పీఘాట్ వాళ్లు ఏడుగురు దిగారు. వాళ్ల కెప్టెన్ బిజయ్, ముప్పై ఏళ్లుంటాయి, చూపులోనే పోట్లాట ఉంది. "అందరం కలిసిపోయి ఎనిమిదేసి మంది ఆడుకుందాం, ఫ్రెండ్లీ" అని ఎవరో అన్నారు. "ఫ్రెండ్లీ వద్దు. ఏడుగురుంటే ఆట ఆడొచ్చు, రూల్ ఉంది" అన్నాడు నూకరాజు. నిజమే, ఏడుగురికంటే తగ్గితేనే ఆట ఆపాలి. ఇంకో చిక్కు వచ్చింది. రిఫరీగా రావలసిన ఉద్యోగికి పనిదినం కావడంతో సెలవు దొరకలేదు. దివ్య నా వైపు చూసింది. ఈల, కార్డులు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. బూట్ల లేసులు గట్టిగా కట్టుకుని దిగాను.

ఏడుగురే కదా, సిప్పీఘాట్ వాళ్లు ఏ అరగంటకో అలసిపోతారనుకున్నాను. పొరపాటు. వాళ్లు వెనకే గోడకట్టి నిలబడి, బంతి దొరికినప్పుడల్లా బిజయ్‌కి ఒక్క పొడుగు దెబ్బ వేసేవాళ్లు. మొదటి సగం ముగిసేలోపు అతను గోల్ కొట్టేశాడు. గట్టు మీద అప్పటికి ముప్పై మంది కూడా లేరు, ఎర్రయ్య మాత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండో సగంలో కాలనీ వాళ్లు రొప్పుతూ దాడి మీద దాడి చేశారు. ఆట ఇంకో ఇరవై నిమిషాలు ఉందనగా, గోల్‌కీపర్‌ను దాటిపోయిన బంతి నేరుగా లోపలికి వెళ్తోంది. గీత మీద బిజయ్ ఉన్నాడు. తల అందలేదు. చెయ్యెత్తి ఆపేశాడు.

అందరూ చూశారు. బిజయ్ కూడా తల దించుకున్నాడు. దానికి శిక్ష ఎర్ర కార్డు, పెనాల్టీ. కానీ అతన్ని బయటికి పంపితే ఆరుగురే మిగులుతారు. ఆట అక్కడితో ఆగిపోతుంది, పెనాల్టీ కూడా కొట్టడానికి ఉండదు. ఆట పూర్తి కాదు. పోస్టులు పోతాయి.

విచిత్రం ఏమిటంటే రెండు జట్లూ నా చుట్టూ చేరి ఒకటే మాట అన్నాయి. "మేడమ్, పెనాల్టీ ఇచ్చేసి వదిలేయండి." "పీలా దే దో మేడమ్, పసుపు కార్డు చాలు." దివ్య గీత దాటి లోపలికి వచ్చేసింది. "దీదీ, ప్లీజ్. మా నాన్న కోసం." నూకరాజు గీత అవతలే నిలబడ్డాడు. నా ముఖం కూడా చూడలేదు.

ఎవరూ ఓడకుండా చేశారని నూకరాజు చెప్పిన మాటలు తలుచుకుని నిర్ణయం తీసుకున్నానని రాస్తే గొప్పగా ఉంటుంది. అలా ఏమీ జరగలేదు. చెయ్యి తగిలితే తగిలిందని ఒప్పుకోమని ఏళ్ల తరబడి పిల్లలతో పోట్లాడుతున్నదాన్ని. నా కళ్లతో చూసింది చూడలేదని అనడం నాకు రాదు. ఎర్ర కార్డు తీశాను.

"ఆప్‌నే ఖేల్ ఖతమ్ కర్ దియా" అన్నాడు బిజయ్, ఆట ముగించేశారని.

"చెయ్యి నీది" అన్నాను. నాకొచ్చిన హిందీలో అంతకంటే చెప్పలేకపోయాను.

పొడుగ్గా ఈల వేసి ఆట ఆపేశాను. ఎర్రయ్య కుర్చీలోంచి లేచి లోపలికి వచ్చాడు. మంచివాడే, గొంతులో కసి లేదు. "నూకరాజూ, ఆట పూర్తవలేదు. మాటంటే మాట. రేపు పైపులు కోయించీమంటావా?" అన్నాడు. నూకరాజు పోస్టుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "కోయించీ పెద్దయ్యా" అన్నాడు. నేను చేసింది తప్పనిపించలేదు, కానీ ఆ మనిషిని చూస్తూ నిలబడటం నా వల్ల కాలేదు. సంచి తీసుకుని వెళ్లిపోదామనుకున్నాను.

అప్పుడు బిజయ్ వెనక్కి తిరిగాడు. "రిజల్ట్ క్యా హువా?"

"మూడు పాయింట్లు మావి" అన్నాడు నూకరాజు. "ఆట ఆగిపోవడానికి కారణం మీ జట్టు. రూల్."

"జీత్ తో హమ్ రహే థే."

"గెలుస్తన్నావ్. సేత్తో ఆపినావ్. ఓడిపోనావ్."

ఇక చూడాలి. సిప్పీఘాట్ వాళ్లు ఏడుగురూ ఒక్కసారిగా మీదికి వచ్చారు. తొమ్మిది మందితో ఏడుగురిని గెలవలేక మోసం చేశారన్నారు. తమను మోసగాళ్లంటే కాలనీ వాళ్లు ఊరుకుంటారా? వంద మంది పోగయ్యారు. ఆటకు రాని కుర్రాళ్లు తగువుకు వచ్చారు. ఆటకు రాకపోవడమేమిటని ఆడవాళ్లు ఆ కుర్రాళ్లనే చెడామడా తిట్టారు. ఆ గోలలో బిజయ్ నేరుగా ఎర్రయ్య దగ్గరికి వెళ్లాడు. "చాచా, పోస్ట్ కో హాథ్ మత్ లగానా" అన్నాడు, పోస్టుల మీద చెయ్యి వెయ్యొద్దని. తర్వాత కూడబలుక్కుని తెలుగులో అన్నాడు. "నెక్స్ట్ పున్నమి మేం వస్తాం. పదకొండు మంది. ఇక్కడే గోల్ కొడతాం."

ఎర్రయ్య నసిగాడు. "మరి షెడ్డు..."

వెనకనుంచి ఆయన భార్యే అందుకుంది. "షెడ్డుకి ఎదురు బొంగులు సాలవేటి? ఇప్పుడు పైపులు పీకీసినామంటే, ఓడిపోతామని బయపడి పీకీసినారంటారు ఆళ్లు. నాను అనిపించుకోను." ఆ తర్వాత పోస్టుల సంగతి ఎవరూ ఎత్తలేదు. వెళ్లేముందు బిజయ్ నన్ను చూపిస్తూ ఇంకో షరతు పెట్టాడు, రిఫరీ మాత్రం వేరే మనిషి కావాలని. కాలనీ కుర్రాళ్లు కూడా వెంటనే ఒప్పుకున్నారు. ఆ రోజు రెండు జట్లకూ కుదిరిన ఒప్పందం అదొక్కటే.

తర్వాతి పున్నమికి సిప్పీఘాట్ వాళ్లు పదమూడు మందితో వచ్చారని, గెలిచి వెళ్లారని దివ్య ఫోన్ చేసి చెప్పింది. వాళ్ల నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట, మూడో రోజు నుంచి జట్టుతో సాధన మొదలుపెట్టించాడట. లీగ్ బతికిందని నేను అనను. రెండు జట్లతో లీగ్ అవదు, మూడో జట్టు చేరతానంటోందన్నది ఇంకా మాట వరకే. కానీ ఆట ఆగిపోయిన చోట మళ్లీ జనాన్ని రప్పించింది జ్ఞాపకాలు కావు, కప్పులు కావు. ఓడిపోయామన్న మంట. దాన్ని ఎవరూ ఆర్పకుండా ఉంటే చాలని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. మీరూ వెళ్లాలనుకుంటే క్యాలెండర్‌లో పున్నమి చూసుకుని, ముందు రోజుకే పోర్ట్ బ్లెయిర్ చేరేలా టికెట్ తీసుకోండి, రెండింటికల్లా గట్టు మీద చోటు పట్టుకోండి. సిప్పీఘాట్ వాళ్ల పక్కన కూర్చోవలసి వస్తే టీ ఇస్తారు, బిస్కెట్ ఇస్తారు, చాలా మర్యాదస్తులు. నా పేరు మాత్రం చెప్పకండి.