వాడికి పనిచ్చిన అక్క

మా పక్క క్వార్టరులో మెస్ నడిపే అక్క సోమవారం పొద్దున చనిపోయింది. మొదటి షిఫ్టు డ్రైవర్లు క్యారేజీల కోసం వచ్చి, పొయ్యి వెలగలేదేమని తలుపు తట్టాకే గోదావరిఖనిలో మా లైనుకంతా తెలిసింది. నాకంటే చాలా చిన్నది. అయినా అందరిలాగే నేనూ అక్కా అనే పిలిచేవాణ్ని.

బొగ్గుబాయి మీద రాగి కేబులు దొంగిలించి, బాలల హోమ్‌లో ఉండి వచ్చిన పిల్లగాడికి ఆమె పని ఇచ్చింది. హోమ్‌లో వాడు వెల్డింగ్ నేర్చుకున్నాడు, సర్టిఫికెట్టూ తెచ్చుకున్నాడు. ఊళ్లో ఏ వెల్డింగ్ షాపువాడూ గడప తొక్కనివ్వలేదు. అక్క మాత్రం ఉల్లిగడ్డల బుట్ట ముందుకు తోసి, "కూసో, కొయ్యి" అంది. ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత కాలనీలో ఏది పోయినా జనం ఆమె గుమ్మం ముందుకే వచ్చారు. ఒకసారి గ్యాస్ సిలిండర్ పోయిందని కాలనీ సంఘం అధ్యక్షుడే నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"అక్కా, నీ పోరడేడి?"

"ఉల్లిగడ్డలు కోస్తున్నడు. కండ్లు ఎర్రగైనయి. గది గూడ కేసు రాస్తరా, అన్నా?"

సిలిండర్ ఆయన బామ్మర్ది ఇంట్లోనే దొరికింది. అడగకుండా తీసుకుపోయాడట. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు, చుట్టరికం అన్నారు.

శిక్షల గురించి చాలా పుస్తకాలు చదివాను. శిక్ష ఎందుకో, ఎంతో రాశారు. అది అయిపోయిందని ఇరుగుపొరుగును నమ్మించేది ఎవరో రాయలేదు. అక్క ఒకరోజు నాకు అన్నం పెడుతూ అన్నది: "పోరడు మారిండా అని నన్నడుగుతరు, కాకా. వీళ్లు మారిన్రా అని ఎవ్వలడగరు."

బుధవారం సంతాప సభ పెట్టారు. అదే అధ్యక్షుడు ఫోటోకు దండ వేసి, "అక్కది పెద్ద మనసు. కాని, పుట్టుబుద్ధి పుడకలతోనే పోతది. గసొంటోళ్లు మళ్ల గదే పనికి పోతరు" అన్నాడు. పోతారట. ఎవరు తోస్తే పోతారో చెప్పలేదు. గోడ వారగా నిలబడి వాడు వింటూనే ఉన్నాడు. మెస్ మూతపడింది. పొద్దుటి నుంచి రెండు హోటళ్లలో, ఒక టైర్ల షాపులో పని అడిగి, కాదనిపించుకుని వచ్చాడు. ఆ టైర్ల షాపాయన ముందు వరసలో కూర్చుని అక్క కోసం కళ్లు తుడుచుకుంటున్నాడు.

సభ అయ్యాక అందరూ వాణ్ని దాటుకుని చెప్పుల దగ్గరికి నడిచారు. ఆగింది ఒక్కడే. ఒకప్పుడు ఆ రాగి కేబులు కొన్న స్క్రాప్ సేటు. కేసు ఆయన దాకా ఎన్నడూ పోలేదు.

వాడి భుజం మీద చెయ్యి వేసి, "తిన్నవా బిడ్డా?" అన్నాడు.

నేను కర్ర పట్టుకుని లేచి అక్కడికి చేరేలోగా, వాడు ఆయన బండి వెనక సీటు మీద కూర్చుని ఉన్నాడు.