నాయన ‘కాదు’ అన్న రోజు

కళ్లారా చూసినదాన్ని, విన్నదాన్ని మొదటే వేరు చేస్తాను. ధర్మవరంలో మా ఇంటి మగ్గం మీద పట్టుచీర నేస్తున్న నాయన కుడిచేతిలోంచి, పోగును అటూ ఇటూ నడిపే నాడె జారిపడటం నేను చూశాను. ఆయన దాన్ని ఎడమచేత్తో తీసి, అదేమిటో తెలియనట్టు తిప్పి తిప్పి చూడటమూ చూశాను. ఇంటిని అక్క నారాయణమ్మకే ఇస్తానని ఆయన చాలాసార్లు అన్నారన్నది మాత్రం ఇరుగుపొరుగు మాట. నేను వినలేదు. తమ్ముడు వెంకటేశూ వినలేదన్నాడు.

నేను హిందూపురంలో సైన్సు మాస్టరును. వేసవి సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. నాయనకు మాట పడిపోయింది. గాలి సోకిందన్నారు వీధివాళ్లు. ఏ గాలో, ఎలా సోకిందో ఎవరూ చెప్పలేకపోయారు. మధ్యాహ్నం రైల్లో నాయనను హిందూపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం.

“బీపీ పెరిగి స్ట్రోక్ వచ్చింది. కుడివైపు పెరాలసిస్. మాట పోవడాన్ని అఫేజియా అంటాం” అన్నారు డాక్టరు.

“తెలివి ఉన్నట్టేనా, సార్?”

“ఇప్పుడే చెప్పలేను. మాట పోయినంత మాత్రాన తెలివి పోయినట్టు కాదు. ఉన్నట్టూ కాదు.”

తెలియనిదాన్ని తెలియదన్న ఆ డాక్టరు మీద నాకు గురి కుదిరింది.

ఆ తెలివి మీదే అక్క బతుకు ఆధారపడి ఉంది. భర్త పోయాక ఆమె కూతురిని తీసుకుని పుట్టింటికి వచ్చి, మా రెండో మగ్గం నేస్తోంది. ఇది 1956కు ముందు మాట. అప్పటి చట్టం ప్రకారం కొడుకులుండగా కూతురికి వాటా లేదు. ఇల్లు నాయన సొంత సంపాదన కనుక వీలునామా రాస్తే ఎవరికైనా ఇవ్వవచ్చు. రాయకుండా పోతే మా అన్నదమ్ములది. నా సగం నేను వదులుకోగలను. వెంకటేశు మాత్రం ఇల్లమ్మి హిందూపురంలో అంగడి పెట్టాలని ఎదురుచూస్తున్నాడు.

నాయన ఎందుకు రాయలేదంటే, మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరుస, ఉండగా పంపకాల మాట ఎత్తకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. నేత తెలిసినవారికి ఇందులోని పొరపాటు వెంటనే కనిపిస్తుంది. పాత పడుగు చివరి పోగులకే కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా అతుకుతారు. మా మగ్గం ఎన్నడూ ఖాళీ కాలేదు. ఆ మాట ఎన్నడూ రాలేదు.

రెండో వారంలో న్యుమోనియా వచ్చింది. పెన్సిలిన్ ఇంజెక్షన్లతో గట్టెక్కారు. జ్వరం దిగాక నాయన నోట “ఊ” అన్న ఒక్క శబ్దం పలికింది. అక్క ముఖం వెలిగింది.

“ఇల్లు నాకేనా నాయనా అంటే ఊ అనె! వేలిముద్ర ఏయించు అబ్బా, మళ్లా జ్వరమొస్తే నా గతేం కావాల?”

నేను మంచం దగ్గరికి వెళ్లాను. “నాయనా, నీకు కొమ్ములు మొలిచినాయా?”

“ఊ” అన్నారు నాయన, ఎంతో గంభీరంగా.

వెంకటేశు పగలబడి నవ్వాడు. అక్కకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “నువ్వు చదివిన సదువంతా నా మీదనే సూపిస్తాండావు గదరా!”

సలహా అడిగితే పెనుకొండ ప్లీడరూ అదే చెప్పాడు. “ఊ అంటే సాలదప్పా. ఏం రాస్తాండామో ఆయనకు తెలిసిందని డాక్టరు సెప్పాల, ఇద్దరు సాక్షులు సూడాల. లేదంటే మీ తమ్ముడే కోర్టులో కొట్టేయిస్తాడు.”

ఆగాం. నాయన ఏ రోజైనా పోవచ్చునని తెలిసీ ఆగాం. నా పరీక్ష న్యాయమైనదే కావచ్చు. దాని భారం మోసింది మాత్రం అక్క.

దసరా దాటాక నాయనను మళ్లీ చూపించడానికి హిందూపురం బయలుదేరాం. పెనుకొండలో ప్లీడరు అదే రైలెక్కాడు. ఆసుపత్రి గదిలో డాక్టరు ఎదుట, నేను కోరినట్టే, రాసుకొచ్చిన వీలునామాను ముందు కావాలనే తప్పుగా చదివాడు: “ఇల్లు చిన్న కొడుకు వెంకటేశుకు.”

నాయన పెదవులు వంకరపోయాయి. మెడ నరాలు బిగిశాయి. “కా… కాదు.”

ప్లీడరు కాగితం దించి మళ్లీ అడిగాడు.

“పెద్ద కొడుక్కా?”

“కాదు.”

“కూతురు నారాయణమ్మకా?”

“ఊ.” వెంటనే ఎడమచెయ్యి చాచి అక్క చెయ్యి పట్టుకున్నారు. ప్రశ్నల వరుస మార్చి మళ్లీ అడిగించాను. జవాబులు మారలేదు. రెండో మగ్గం రాబడి అక్క కూతురిదని, ఆమె పెద్దదయ్యేదాకా అది నా చేతిలో ట్రస్టుగా ఉండాలన్న మాటకు “ఊ” అన్నారు. ట్రస్టీగా వెంకటేశు పేరు చదివితే “కాదు” అన్నారు.

“నా పేరొస్తే సాలు, నోరు లేస్తాండాదే నాయనా నీకు!” అన్నాడు వెంకటేశు. గొంతులో కోపం లేదు. కోర్టు మాట ఎప్పుడూ ఎత్తలేదు.

“తెలివి ఉంది. నేను సాక్షి సంతకం చేస్తాను” అన్నారు డాక్టరు. నాయన ఎడమ బొటనవేలి ముద్ర వేశారు, ప్లీడరు రెండో సాక్షి అయ్యాడు.

ఏటా నల్లబల్ల మీద మెదడు బొమ్మ గీసి, భాగాలకు పేర్లు రాసి, పాఠం అయిపోయిందనేవాణ్ని. తెగిన దారి పక్కనుంచి ఒక చిన్న మాట తనకు తానే దారి చేసుకుని, సరిగ్గా కావలసిన చోట బయటికి రావడం ఆ గదిలో చూశాను. నేను అద్భుతమన్న మాట వాడను. దానికి బదులు వాడదగిన మాట నాకింకా దొరకలేదు.

ఏళ్లు గడిచాయి. చట్టం మారి కూతుళ్లకూ వాటా వచ్చింది. అయినా వాటా వేరు, నిలువనీడ వేరు. నాయన కుడిచెయ్యి పూర్తిగా రాలేదు. పొట్టి మాటలతో అందరినీ అదిలిస్తూ అక్క దగ్గర ఆ ఇంట్లోనే ఉన్నారు.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. మీ మాటకు డాక్టరు సాక్ష్యం అక్కరలేని ఆరోగ్యం ఉన్నప్పుడే వీలునామా రాయండి. వారసుల్లో చిన్నపిల్లలుంటే వారి వాటాను కాపాడే మనిషిని పేరుపెట్టి అందులోనే నియమించండి.

నాయన మాట మందుల వల్ల వచ్చిందా, మెదడు తనంతట తానే బాగుపడిందా? తేల్చాలంటే అదే జబ్బు చేసిన మరొకరిని మందివ్వకుండా ఉంచి పోల్చి చూడాలి. నాకున్నది ఒక్క నాయనే.