రెండో వయొలిన్ కుర్చీ

చమురు డబ్బు కొత్తగా వచ్చిపడి, దోహాలో ఎటు చూసినా క్రేన్లు లేస్తున్న రోజులు. మా వారి కంపెనీ మాకు రయ్యాన్ వైపు ఇల్లిచ్చింది. ఆయన పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్తే నాకు తోడు నా వయొలిన్ ఒక్కటే. రాజమండ్రిలో పదేళ్ళు పాటకచేరీలకు పక్కవాద్యం వాయించినదాన్ని. ఇక్కడ గోడలకు వినిపించేదాన్ని.

ఆ గోడ అవతల నుంచి విన్నది పక్కింటి అమెరికా ఆవిడ. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకునే చెల్లో, ఇలా నలుగురం కూర్చుని వాళ్ళ దేశంవాళ్ళు రాసిన సంగీతంతోనే ఒక కచేరీ చేద్దామంది. రెండో వయొలిన్ నువ్వే అంది. ఆ పూట సంతోషంతో నాకు అన్నం సయించలేదు.

వాళ్ళు సంగీతం రాసుకునే కాగితం చదవడం నాకు రాదు. ఆవిడ నా భాగం వాయించి చూపిస్తే, స్వరాలు తెలుగులో నోటుబుక్కులో రాసుకున్నాను. నేలమీద కూర్చుని చీలమండకి ఆనించి వాయించే అలవాటు మానుకుని, కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకోవడం నేర్చుకున్నాను. మెడ పట్టేసేది. అయినా నెల తిరిగేసరికి మొత్తం కంఠతా వచ్చేసింది.

చిక్కల్లా ఒక్కచోటే. నెమ్మదిగా సాగే రెండో భాగంలో ఆవిడ వాయిస్తుంటే నేను నాలుగేసి లెక్కలు ఎనిమిదిసార్లు ఖాళీగా కూర్చోవాలి. మధ్యలో ఆవిడ కూడా ఒకచోట ఆగుతుంది. పాడేవాళ్ళు ఆగితే ఆ ఖాళీ నింపడమే పక్కవాద్యం పని. పదేళ్ళూ నేను చేసింది అదే. ఆవిడ ఆగగానే నా కమాను దానంతటదే లేచి ఆవిడ చివరి ముక్కని అందుకునేది. మొదటిసారి అందరూ నవ్వారు. రెండోసారి అక్కడ ఎవరూ వాయించకూడదని ఆవిడ మెల్లగా చెప్పింది. మూడోసారి ఏమీ అనలేదు. మరుసటి వారం సాధనకి వెళ్ళేసరికి నా కుర్చీలో ఎవరో హైదరాబాదు అమ్మాయి కూర్చుని ఉంది.

మా వారి ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు భార్య. కాన్వెంటులో నేర్చుకుందట, కాగితం ముందు పెడితే గడగడా వాయించేస్తుంది. నాకు కడుపు రగిలిపోయింది. పిల్ల ఎంత మంచిదో అని అందరూ అంటుంటే ఇంకా మండేది. ఓసారి ఆ పిల్ల పులిహోర చేసి పంపితే పులుపెక్కువైందని వంక పెట్టాను. మా వారు రెండోసారి వడ్డించుకుంటూ, "ఈమధ్య నీకేది తిన్నా పుల్లగానే ఉంటోందిలే" అన్నారు.

కచేరీ రెండు రోజులుందనగా ఆ పిల్లే మా ఇంటికి వచ్చింది.

"అక్కా, నాకు మస్తు భయమైతుంది. కాగితం జూసి వాయిస్త గానీ, ఆ ఖాళీ జాగల లెక్క తప్పుతున్న. మీకు మొత్తం నోటికొచ్చు గదా. మీరు ముందటి వరుసల కూసొని తాళమేస్తే, మీ చెయ్యి చూసుకుంట అందుకుంట."

"దానికేం భాగ్యం, వేస్తాలే" అన్నాను.

కచేరీ సాయంత్రం ఐదింటికి ఒక స్కూలు హాల్లో. రొద చేస్తాయని కిటికీ ఏసీలు ఆపేశారు. పది నిమిషాల్లో అందరూ చేతిలో కాగితాలతో విసురుకోవడం మొదలుపెట్టారు. మొదటి భాగం హుషారుగా సాగింది, అమెరికా పల్లెల్లో గెంతులేయడానికి వాయించే బాణీలట. నా చెయ్యి మోకాలి మీద తాళం వేస్తూనే ఉంది. ఆ పిల్ల నన్ను చూసి చిన్నగా నవ్వి, సరిగ్గా అందుకుంటోంది. బాగా వాయించింది. నాకంటే బాగా వాయించింది. అదే నేను ఓర్చుకోలేకపోయాను.

రెండో భాగం వచ్చింది. ఆ పిల్ల కమాను ఒళ్ళో పెట్టుకుని నా చేతివైపు చూస్తోంది. నాలుగుసార్లు వేశాను. ఐదోసారికి అమెరికా ఆవిడ ఆగింది. నేను నింపి చెడగొట్టుకున్న ఖాళీ అదే. ఆ పిల్ల కదలకుండా కూర్చుంది. నా వల్ల కానిది అంత తేలిగ్గా చేసేసింది. నా చెయ్యి దానంతటదే ఆగిపోయిందని చెప్పుకోవచ్చు గానీ, అబద్ధం. నేనే ఆపాను. తీసి కొంగు కింద పెట్టుకున్నాను.

ఆ పిల్ల కళ్ళు నా మోకాలి మీద వెతికాయి. తర్వాత నా మొహంలోకి చూసింది. నేను వేదిక అంచున ఉన్న పూలకుండీ వైపు తిరిగాను. అందుకోవలసిన చోటు దాటిపోయింది. ఆలస్యంగా అందుకుని, తడబడి, ఆగి, మళ్ళీ అందుకుంది. అమెరికా ఆవిడ తల ఊపి ఊపి దారిలోకి తెచ్చుకుంది. హాల్లో చాలామందికి తెలియనేలేదు. నాకు తెలిసింది. కడుపులో ఎంత చల్లగా అనిపించిందో దాచను.

అయిపోయాక టీ దగ్గర వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"తప్పు నాదే అక్కా. మీరు చెయ్యి తీసిన్రంటే ఇగ అందుకొమ్మని సైగ జేసిన్రేమో, నేనే అర్థం జేసుకోలె. మీరు అంత కష్టపడి తాళమేస్తే ఖరాబ్ జేసిన. మల్లసారి మీరే వాయించున్రి, నేను ఆమెకు చెప్త."

కాదమ్మా, నేనే ఆపేశాను అంటే సరిపోయేది. నేను కొంగుతో ఆ పిల్ల కళ్ళు తుడిచి, "సరే, చెప్పు" అన్నాను.