ల్యాబు అక్క, లారీ డ్రైవరు కుక్క

ఆ పశువుల ఆసుపత్రిలో అందరూ ఆమెను ల్యాబు అక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ల కిందట సీసాలు కడగడానికి చేరింది. కడుగుతూ, చూస్తూ, అడిగి తెలుసుకుంటూ ల్యాబు టెక్నీషియన్ పరీక్ష రాసి నెగ్గింది. ఇప్పుడు ఆ ల్యాబుకి ఆమే పెద్దదిక్కు.

ఒక సోమవారం లారీ డ్రైవరొకాయన ఎనిమిదేళ్ల ఆడకుక్కను ఎత్తుకొచ్చాడు. ఏనాడూ ఇంట్లో తడపనిది, నెల రోజులుగా గంటకోసారి మూత్రానికి ముక్కుతూ కూర్చుంటోంది. పడేది నాలుగు చుక్కలు, అందులో నెత్తుటి జీర. వేరేచోట రెండుసార్లు మాత్రలిచ్చారు. వేసినన్నాళ్లూ కాస్త నయం, ఆపగానే మళ్లీ మొదటికి.

"దీన్నో నన్నో ఒకర్ని బయట పడుకోమంటోంది మా ఆవిడ. నాకైతే లారీ ఉంది. దీనికేముందక్కా?" అన్నాడు.

కొత్తగా చేరిన డాక్టరమ్మ అవే మాత్రలు డోసు పెంచి రాయబోయింది.

"ఆగండమ్మా," అంది అక్క. "రెండుసార్లు తిరగబెట్టిందంటే మందన్నా పనిచెయ్యకపోతూ ఉండాలి, లేదా లోపల ఇంకేదన్నా ఉండుండాలి. చీకట్లో రాళ్లు విసరడమెందుకు? సూదితో నేరుగా మూత్రాశయంలోంచి మూత్రం తీసివ్వండి, కల్చర్ పెడతాను, ఏ మందుకు ఆ క్రిమి చస్తుందో మూడు రోజుల్లో తేలుతుంది. నేలమీద పట్టిందైతే బయటి మురికి కూడా మొలుస్తుంది."

"అప్పటిదాకా?"

"జ్వరం లేదు, తిండి తింటోంది. నొప్పికి మందివ్వండి చాలు."

డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. అయినా పొట్టను చేత్తో తడిమి చూసుకుంటూ ఒడుపుగా సూది దించింది. మైక్రోస్కోపు కింద తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నాయి, వాటి మధ్య పుల్లల్లాంటి బాక్టీరియా.

గురువారానికి ప్లేటు సిద్ధమైంది. అందులో పాత మందు అద్దిన కాగితపు బిళ్ల అంచుదాకా బాక్టీరియా దర్జాగా పెరిగింది. మరో మందు అద్దిన బిళ్ల చుట్టూ మాత్రం రూపాయి బిళ్లంత మేర ఏమీ మొలవలేదు.

అది చూశాక డాక్టరమ్మకు లోపల ఇంకేదన్నా ఉండుండాలని అక్క చెప్పిన రెండో మాట గుర్తొచ్చి ఎక్స్‌రే తీయించింది. మూత్రాశయంలో బఠాణీ గింజంత రాయి. ఆమే ఆపరేషన్ చేసి తీసింది, సరైన మందు రాసింది.

"బాగుంది కదా అని మధ్యలో ఆపావో, మళ్లీ ఇక్కడికే వస్తావు," అని అక్క డ్రైవరుకు గట్టిగా చెప్పింది. అతను ఒక్క పూట కూడా తప్పలేదు. కోర్సు ముగిసిన వారానికి మళ్లీ కల్చర్ పెడితే ప్లేటు ఖాళీగా వచ్చింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ల్యాబులో కూర్చుంది.

"ప్లేటు చదవడం నాకూ నేర్పక్కా."

అక్క పక్కకు జరిగి చోటిచ్చింది.