అత్తమ్మకు వినబడిన పిలుపు

దెయ్యాలు, మహిమలు అని ఎవరైనా మొదలుపెడితే నేను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ వాటిని నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. మాధవరంలో మా ఇల్లు. మా ఆయనకు నలభై దాటి ఎంతో కాలేదు. బీపీ, షుగర్ లేవు. కరోనా రావడంతో మేడమీద గదిలో విడిగా ఉన్నారు. జ్వరం తగ్గింది. ఇక భయం లేదనుకున్నాం.

ఆ మధ్యాహ్నం నేను కింద వంట చేస్తున్నాను. అత్తమ్మ హాల్లో పడుకుంది. చెవి మిషన్ తీసేస్తే ఆమెకు పక్కన కుక్కర్ కూసినా తెలియదు. ఆ రోజు మిషన్ కిటికీలో ఉంది. నేను చూశాను.

ఉన్నట్టుండి ఆమె లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఏమ్మా సుజాతా, వాడు పైన పిలస్తా ఉండాడే, ఇనపడలా?"

నాకేమీ వినబడలేదు. లేదని చెయ్యి ఊపాను.

"నీ పేరు పెట్టి పిలిచినాడు. సీక్రం పో!"

ఆమె మాట కాదనలేక పైకి వెళ్ళాను. ఆయన మంచం పక్కన నేలమీద ఉన్నారు. మూతి ఒక పక్కకు పోయింది. కుడిచెయ్యి కదలడం లేదు. నా వైపు చూస్తున్నారు, నోట్లోంచి మాట లేదు.

నేను ఏడవలేదు. అంబులెన్స్ వాళ్ళు ఆయన్ను దించుతుంటే నా చెప్పులు వెతుక్కుంటూ నిలబడ్డాను.

కరోనా వచ్చినవాళ్ళలో కొందరికి రక్తం గడ్డకడుతుందని, అలాంటి గడ్డ మెదడుకు వెళ్ళే రక్తనాళానికి అడ్డం పడిందని డాక్టరు చెప్పాడు. త్వరగా తెచ్చారు కాబట్టి గడ్డ కరిగే మందు ఇవ్వగలిగామన్నాడు. ఆయన పిలిచారట అని నేనంటే డాక్టరు తల అడ్డంగా ఊపాడు. మెదడులో దెబ్బతిన్నది మాట పుట్టే చోటేనట.

కొన్ని నెలలకు ఆయనకు ఒక్కో మాటా తిరిగి రావడం మొదలైంది. ఆ రోజు పిలిచారా అని అడిగాను. చాలాసేపు వెతుక్కున్నారు.

"పడినాక... పిలవాలని చూశా. రాలా."

అత్తమ్మను ఎన్నిసార్లు అడిగినా ఆమెకు ఆశ్చర్యమే లేదు. "నా బిడ్డ గొంతు నాకు తెలీదా?" అంటుంది.

ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని నడుస్తారు. అన్నం అంటారు, నీళ్ళు అంటారు. నా పేరు మాత్రం ఆయన నోట ఇంకా రాలేదు. ఆ మధ్యాహ్నం అత్తమ్మ విన్నదేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.