తొలి ఉరుము తరువాత

పోయిన శనివారం షామ్‌బర్గ్‌లో, మా అమ్మాయి వాళ్ళింటి దగ్గరి లైబ్రరీలో ఒక డాక్యుమెంటరీ వేస్తే వెళ్ళాను. తెర మీద దర్శకురాలి పేరు పడగానే కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. ఆ పేరు పెట్టి పిలవడానికి ఒకప్పుడు నేను ఆరు నెలలు మొరాయించాను మరి. ఇంటికొచ్చి, ఊళ్ళు మారినా వదలకుండా మోసుకొస్తున్న డైరీల్లోంచి 2004 నాటిది తీశాను.

మన వైపు నుంచి టీచర్లను అమెరికా బడులకు కాంట్రాక్టు మీద తీసుకెళ్తున్న రోజులవి. నన్ను న్యూ మెక్సికోలో నవాహోలనే ఆదివాసులు ఉండే ప్రాంతానికి, ఎర్రటి రాతిగుట్టల మధ్య ఒక హైస్కూలుకి వేశారు. లెక్కలు చెప్పేదాన్ని. చివరి ఏడాది చదివే పిల్లల్లో ఒకరు రిజిస్టరులో అబ్బాయి. తను మాత్రం అమ్మాయినని చెప్పి, వేరే పేరుతో పిలవమని అడిగేది. రిజిస్టరులో ఉన్నదే పిలుస్తానని నేను పట్టుబట్టాను. హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీల్లో నవ్వులు లేచేవి. ఆ అమ్మాయి తల వంచుకునే పలికేది. ఈ సంగతి కూడా డైరీలో రాసి ఉంది, దాచుకోవడానికి లేదు.

తనకు సినిమా పిచ్చి. పై చదువుకి సినిమా కాలేజీలో సీటు కోసం ఒక చిన్న చిత్రం తీసి ఏప్రిల్‌లోగా పంపాలి. రాకపోతే ఊళ్ళో పెట్రోలు బంకులో, తనది కాని పేరున్న బ్యాడ్జి తగిలించుకుని నిలబడాలి. స్కూలు కెమెరా నా పూచీ మీద ఇచ్చారు గనుక ఫిబ్రవరిలో నేనూ వెంట వెళ్ళాను. వాళ్ళ అమ్మమ్మ పొయ్యి పక్కన కూర్చుని ఒక పాత కథ చెప్పింది, మనవరాలు తీసింది, నాకోసం ముక్కముక్కగా ఇంగ్లీషులో చెప్పింది. ఆ పెద్దావిడ తనను మనవరాలా అని పిలవడం, తమలో ఇలాంటివాళ్ళకు వెనకటికి ఎంతో మర్యాద ఉండేదని మామూలుగా చెప్పడం విన్నాక, మర్నాడు హాజరులో కొత్త పేరే పిలిచాను. ఆ రోజు తను తల ఎత్తి పలికింది.

ఆ తరువాత జరిగిన పొరపాటు నాది. ఏ రోజు ఏం జరిగిందో డైరీలో ఉంటుంది కదా, క్యాసెట్ మీద తేదీ చాలనుకున్నాను. ఫిబ్రవరి మూడున తీసిన కథకు, మన అలవాటు ప్రకారం 3-2 అని రాశాను. మార్చి రెండున తీసిన బాస్కెట్‌బాల్ ఆటకు 2-3. అమెరికాలో నెల ముందు రాస్తారు. ఆ అమ్మాయి 2-3ని కథ అనుకుని భద్రంగా దాచి, 3-2 మీద స్కూలు వేడుక రికార్డు చేసేసింది. సంగతి తెలిసేసరికి మార్చి నెలాఖరు. నన్ను ఒక్క మాట అనలేదు. "మిస్, మీ ఊళ్ళో క్యాలెండర్ కూడా తలకిందులుగా తగిలిస్తారా?" అని మాత్రం అంది, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని.

మళ్ళీ చెప్పించుకుందామని ఇద్దరం పరుగెత్తాం. పెద్దావిడ చెప్పనంది. ఆ కథలు చలికాలానివి. తొలి ఉరుము ఉరిమితే మళ్ళీ మంచు పడేదాకా నోట రాకూడదు. వారం కిందటే ఉరిమింది. నేను రాసుకున్నాను, చదువుతాను అని డైరీ తెరవబోయాను. పుస్తకంలో ఉన్నా సరే దాని నిద్ర చెడగొట్టొద్దని మీ టీచరమ్మకు చెప్పు అందట. డైరీ మూసేశాను.

మనవరాలు కెమెరా నిలబెట్టి, ఉన్ని దువ్వుతున్న ఆవిడ ఎదుట కూర్చుంది.

"చలికాలం దాకా ఆగితే నా గడువు దాటిపోతుంది అమ్మమ్మా."

"నువ్వెవరో తెలియడానికి వాళ్ళకు నా కథ ఎందుకు?" అంది ఆవిడ, చేతిపని ఆపకుండా. "నువ్వు నా మనవరాలివి. ఆ మాట ఏ నెలలోనైనా చెప్పొచ్చు."

ఆవిడ కథ చెప్పనన్న ఆ సంభాషణే తను పంపిన చిత్రమైంది. తొమ్మిది నిమిషాలు, సగం మౌనం. సీటు వచ్చింది. తరువాత ఇతరుల సినిమాలకు ఎడిటింగ్ చేసింది, తన మనుషుల మీద చిన్న చిత్రాలు తీసింది, ఎన్నో ఏళ్ళు కూడబెట్టి ఇప్పుడీ పెద్దది తీసింది. అందులో ఆ ఉన్ని దువ్వే చేతులు అలాగే ఉన్నాయి.

సీటు వచ్చిన ఆ ఏడు డిసెంబరులో కాలేజీ సెలవులకు వచ్చినప్పుడు నన్ను మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మంచు మోకాలి లోతు. కెమెరా తేలేదేమని అడిగితే, ఈసారి వినడానికే వచ్చానంది. ఆవిడ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. కొన్నేళ్ళకు పోయింది.

ఇప్పుడు ఏ కథ కావాలన్నా ఏ నెలలోనైనా చేతిలోని ఫోన్‌లోకి వచ్చేస్తుంది. నేనూ చూస్తాను, మరుసటి రోజుకి మరిచిపోతాను. మళ్ళీ చలికాలం దాకా ఆగి విన్నది మాత్రం పదకొండేళ్ళైనా మాట పోకుండా గుర్తుంది. ఆగడమే మనకు కరువైపోయిందేమో అనిపిస్తుంది. డైరీలో ఆ కథ నాలుగు పేజీలుంది. ఇది జూలై నెల గనుక ఇక్కడ ఎత్తి రాయడం లేదు.