చివరి బిందె

మొన్న పొద్దున నీళ్లు వదిలే మామ ట్యాంకు దగ్గరికి పోకుండా నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. "అవ్వా, సెక్రటరీ సారు పోయిండట. షాద్‌నగర్‌ల కొడుకు ఇంటికాడ, నిద్రలనే," అన్నాడు. ఆ కబురు ముందుగా మా ఇంటికే ఎందుకు తెచ్చాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది మర్రిగూడ దగ్గర చిన్న ఊరు. నీళ్ల పైపులో మా ఇల్లు చిట్టచివరిది. సెక్రటరీ సారు మా పంచాయతీకి వచ్చేనాటికి నేను బడిపిల్లను. నీళ్లు వదిలిన పొద్దున ఆయన స్కూటరు మొదట మా నల్లా దగ్గరే ఆగేది. వంగి, బిందెకు చెవి ఆనించి నిండే చప్పుడు వినేవారు. "చివరి బిందె నిండితేనే ఊరికి నీళ్లొచ్చినట్టు," అనేవారు. బోరు నీళ్ల ఫ్లోరైడుకు మోకాళ్లు వంకరపోయిన మా అవ్వ ఆయనతో ఒకటే అనేది: "నా కాళ్లు ఎట్లనో అయినయ్ సారూ. గీ పిల్ల కాళ్లన్న సక్కగుండాలె."

ఒక ఎండాకాలం మా నల్లా ఎండిపోయింది. పైవాడలో కొందరు నల్లాలకు మోటర్లు బిగించి నీళ్లు గుంజుకుంటున్నారు. మేము మళ్లీ ఆ ఫ్లోరైడు బోరు నీళ్లకే పోయాం. సారు ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పారు. వినకపోతే దగ్గరుండి విప్పించారు. అప్పుడే బత్తాయి తోట రైతు ఒకాయన గొడ్డలితో మీదికొచ్చాడు. అడ్డుపెట్టిన సారు కుడిచేతికి లోతుగా గాయమైంది. సారును నల్లగొండ దవాఖానకు, ఆ రైతును స్టేషనుకు తీసుకుపోయారు. విప్పిన మోటర్లు మెల్లగా మళ్లీ నల్లాలెక్కాయి.

"ఇగ రాడు. బదిలీ పెట్టుకుంటడు," అన్నారు ఊళ్లో.

వానలు మొదలయ్యాక సారు వచ్చారు. కుడిచేయి కట్టుతో మెడకు వేలాడుతోంది. స్కూటరు నడపలేక నడిచే వచ్చారు, మా నల్లా దగ్గరికే. చుక్క రావడం లేదు.

"భయమైతలేదా సారూ?" అంది అవ్వ.

"అయితాంది అవ్వా. గందుకే పొద్దుగాలనే వచ్చిన, భయం నిద్ర లేవకముందే."

ఆయన వచ్చారని తెలిసి ఆ రైతు భార్య తమ మోటరును తట్టలో పెట్టుకొని నెత్తిన మోసుకొచ్చింది. ఆయన ముందు దించి, "తీస్కపో సారూ. మొఖం చూపెట్టలేకపోతున్న," అని ఏడ్చింది.

"నాకెందుకమ్మా? తోటకాడ పెట్టుకో. నల్లాకు పెట్టకు, గంతే."

ఆమె కళ్లు తుడుచుకొని తిరిగిపోతూ పైవాడలో ఒక్కో తలుపూ తట్టింది. "ఏం వదినా, నువ్వు విప్పుతవా, నన్ను విప్పమంటవా?" ఆ గొంతు మా గల్లీ దాకా వినబడింది. కాసేపటికి మా నల్లా దగ్గింది, తుమ్మింది, నీళ్లు పోసింది. సారు ఒంటిచేత్తో బిందె జరిపి చెవి పెట్టారు.

ఇప్పుడు నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను, సెలవులకు ఇంటికొస్తాను. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో పెట్టుకొని తిరుగుతాను. 'ధైర్యం' అన్న మాట దగ్గర మాత్రం నాకు ఏ యోధుడూ గుర్తురాడు. బిందె మీదికి వంగిన ఆ మనిషే కనబడతారు.

మొన్న కబురు చెప్పి మామ తటపటాయించాడు. "ఇయ్యాల నీళ్లు వదలాల్నా అవ్వా?"

"వదలక? సారు ఊకుంటడా?"

ఆ పొద్దున మా నల్లాలో ఎన్నడూ లేనంత లావు ధార వచ్చింది. సారు కబురు విని, చివరి బిందె నిండేదాకా పైవాడలో ఎవరూ నల్లా తిప్పలేదట. వంకర మోకాళ్ల మీద ఇంకాస్త వంగి, అవ్వ బిందెకు చెవి ఆనించింది. బోలుగా మొదలైన చప్పుడు పైకి పైకి పోయి, అంచు దాటి, నా కాళ్ల మీదుగా పారింది.